ఇనుము అతికే విద్య

అక్కా! మీ ఊరి సెంటర్లో వెల్డింగు షాపు ఉందా?

ఆ దారిన పోయేటప్పుడు మీరు ఏం చేస్తారు? "అటు చూడకు, కళ్ళు పోతాయి" అని పిల్లవాడి తల పక్కకు తిప్పుతారు. కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతారు.

మంచి పనే చేస్తున్నారు. ఆ వెలుగును ఒట్టి కళ్ళతో చూడకూడదు.

కాని ఆ వెలుగు వెనక ఒక విద్య ఉంది. విరిగిన ఇనుప మంచం కోడును అతికేది ఆ విద్యే. గేటు, కిటికీ ఊచలు, బిందెల స్టాండు, కోళ్ళ గూడు చట్రం అన్నీ దానితోనే చేస్తారు. చిన్న ఊచ ఊడినా మనం షాపుకు మోసుకుపోవాలి. ఆ పూట కూలి పోతుంది. అడిగినంత ఇచ్చి రావాలి. ఆ పని మనకే వస్తే ఎంత బాగుంటుంది!

"అది మగవాళ్ళ పని గదా!" అంటారా?

రెండో ప్రపంచ యుద్ధం 1939 నుంచి 1945 వరకు జరిగింది. మగవాళ్ళు యుద్ధానికి పోయారు. అప్పుడు అమెరికాలో, బ్రిటనులో ఓడలు కట్టే చోట ఆడవాళ్ళు వెల్డింగు చేశారు. వాళ్ళలో చాలామంది అంతకు ముందు ఆ పని ఎరుగరు. నేర్చుకున్నారు, చేశారు.

ఈ పనికి కండబలం అంతగా అక్కరలేదు. కావలసింది నిలకడైన చేయి. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసే చేయికి ఆ నిలకడ ఉంది. కాని ఒక్క మాట. ముగ్గు తప్పితే చెరిపి మళ్ళీ వేయవచ్చు. ఇక్కడ జాగ్రత్త తప్పితే కన్ను పోవచ్చు, ప్రాణం పోవచ్చు. అందుకే ముందు జాగ్రత్త, తర్వాత పని.

వెల్డింగు అంటే ఏమిటి?

కాగితానికి జిగురు రాసి అతికిస్తాం. వెల్డింగు అలాంటిది కాదు. రెండు మైనం ముక్కలు తీసుకోండి. అంచులు కరిగించి ఒకదానికొకటి ఆనించండి. చల్లారాక ఒకే ముక్క అవుతుంది. వెల్డింగు కూడా అంతే. రెండు ఇనుప ముక్కల అంచులు కరిగి, కలిసి, ఒకటిగా గట్టిపడతాయి.

ఇనుము కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల వేడి కావాలి. మన పొయ్యి మీద నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతాయి. మరి అంత వేడి ఎక్కడి నుంచి వస్తుంది? కరెంటు నుంచి వస్తుంది.

వెల్డింగు మిషను నుంచి రెండు లావు కేబుళ్ళు వస్తాయి. ఒకదాని చివర చిమట లాంటి క్లాంపు ఉంటుంది. దాన్ని మనం అతికే ఇనుముకు తగిలిస్తాం. రెండో దాని చివర హోల్డరు ఉంటుంది. అందులో రాడ్డు పెడతాం. రాడ్డు కొనను ఇనుముకు తాకించి కొద్దిగా పైకి ఎత్తితే, మధ్యలో ఉన్న సందులో కరెంటు మెరుపులా మండుతుంది. దాన్నే ఆర్కు అంటారు. ఆ మెరుపు వేడి కొన్ని వేల డిగ్రీలు ఉంటుంది. ఆ వేడికి ఇనుమూ కరుగుతుంది, రాడ్డూ కరుగుతుంది. రెండూ కలిసి చిన్న మడుగు కడుతుంది. ఆ మడుగు చల్లారితే అతుకు పడినట్లే.

రాడ్డు మీద పూత ఎందుకు?

రాడ్డును చేతిలోకి తీసుకుని చూడండి. లోపల ఇనుప తీగ ఉంటుంది. పైన పిండి మెత్తినట్లు పూత ఉంటుంది. ఆ పూతే రాడ్డుకు ప్రాణం.

కరిగిన ఇనుముకు గాలి తగిలితే అతుకు పాడవుతుంది. లోపల బుడగలు పడతాయి. పెళుసు అవుతుంది. పూత మండినప్పుడు దాని నుంచి వచ్చే వాయువు గాలిని పక్కకు నెడుతుంది. మిగిలిన పూత కరిగి అతుకు మీద పెచ్చు కడుతుంది. పాల మీద మీగడ కట్టినట్లు అనుకోండి. ఆ పెచ్చును స్లాగు అంటారు. అతుకు చల్లారాక దాన్ని సుత్తితో కొట్టి తీసేయాలి.

పూత ఊడిన రాడ్డు, చెమ్మ పట్టిన రాడ్డు మంచి అతుకు వేయవు. వానాకాలంలో రాడ్లను మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచుకోవాలి. మనం అప్పడాలు దాచుకోమా? అలాగే.

ఎవరు కనిపెట్టారు?

ఇది ఒక్కరి పని కాదు. రష్యాకు చెందిన బెనార్డోస్ 1880ల్లో బొగ్గు కడ్డీతో మెరుపు పుట్టించి ఇనుము అతికాడు. అదే దేశంలో స్లావ్యానోవ్ 1888లో బొగ్గు కడ్డీ బదులు లోహపు కడ్డీ వాడాడు. తర్వాత స్వీడన్ దేశంలో షెల్‌బెర్గ్ కడ్డీకి పూత పూశాడు. 1900 తర్వాత మొదటి పదేళ్ళలో జరిగిన పని అది. మనం ఈనాడు వాడే రాడ్డు అక్కడి నుంచి వచ్చిందే.

నాలుగు ప్రమాదాలు

ఈ పనిలో నాలుగు ప్రమాదాలు ఉన్నాయి. వెలుగు, కరెంటు, పొగ, నిప్పు. ఒక్కొక్కటీ తెలుసుకుందాం.

మొదటిది వెలుగు

ఆర్కు వెలుగులో కంటికి కనిపించని కిరణాలు ఉంటాయి. అవి కంటి పై పొరను కాలుస్తాయి. చర్మాన్నీ కాలుస్తాయి. చూసినప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాక, రాత్రి పడుకున్నాక మొదలవుతుంది. కళ్ళలో ఇసుక పోసినట్లు ఉంటుంది. నీళ్ళు కారుతాయి. దీపం వెలుగు కూడా చూడలేం.

అప్పుడు కొందరు కంట్లో చనుబాలు పిండుతారు. ఆలుగడ్డ ముక్కలు పెడతారు. ఆకు పసర్లు పోస్తారు. ఇవేవీ వద్దు. కాలిన కంటికి పుండు పడుతుంది. కళ్ళు నలపవద్దు. చల్లని తడి గుడ్డ మూసిన రెప్పల మీద వేసుకుని, కంటి డాక్టరు దగ్గరకు పోవాలి. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కాని మాటిమాటికీ అలా జరిగితే కంటికి చేటు.

కాబట్టి ముఖం నిండా కప్పే ముసుగు కావాలి. దానిలో నల్ల అద్దం ఉంటుంది. ఆ అద్దానికి నెంబరు ఉంటుంది. ఇంటి దగ్గర చేసే చిన్న పనికి 10వ నెంబరు అద్దం సరిపోతుంది. కరెంటు పెంచితే 11 కావాలి. ఎండకు పెట్టుకునే చలువ కళ్ళద్దాలు ఇక్కడ పనికిరావు. సందులో నుంచి చూడడం, చేయి అడ్డం పెట్టుకుని చూడడం అసలే పనికిరావు.

పిల్లలకు మెరుపంటే సరదా. నిలబడి చూస్తారు. పని చేసే చోట చుట్టూ రేకు అడ్డం పెట్టండి. రాడ్డు తాకించే ముందు "కళ్ళు మూసుకోండి" అని గట్టిగా చెప్పండి.

రెండోది కరెంటు

మిషనులోకి పోయే కరెంటు 230 వోల్టులు. అది ప్రాణం తీస్తుంది. మిషను నుంచి రాడ్డుకు వచ్చే వోల్టులు తక్కువ. అయినా ఒళ్ళు తడిగా ఉంటే అది కూడా ప్రమాదమే. మన ఎండలకు చేతి తొడుగులు చెమటతో తడుస్తాయి. తడిసిన తొడుగులు తీసేసి పొడివి వేసుకోవాలి. ఒట్టి చేత్తో రాడ్డు మార్చవద్దు. తడి నేల మీద నిలబడవద్దు. కాళ్ళ కింద ఎండిన చెక్క వేసుకోండి. వానలో ఈ పని వద్దే వద్దు.

ఫ్యాను, టీవీ పెట్టే చిన్న ప్లగ్గు ఈ మిషనుకు చాలదు. తీగ వేడెక్కి అంటుకుంటుంది. మూడు కాళ్ళ పెద్ద ప్లగ్గు కావాలి. అది 16 ఆంపియర్లది. దానికి ఎర్తు తీగ తప్పక ఉండాలి. లీకేజీ అయితే కరెంటును ఆపేసే స్విచ్చి కూడా పెట్టించుకోండి. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియనుతోనే చేయించండి. స్తంభం మీద తీగకు కొక్కెం తగిలించడం నేరం. ప్రాణానికీ ముప్పు.

ఇంకో సంగతి. ఇనుముకు తగిలించే క్లాంపును ఎర్తు క్లాంపు అంటారు. పేరు అదే గాని అది ఇంటి ఎర్తు కాదు. రెండూ వేరు. రెండూ ఉండాలి. క్లాంపును అతికే ముక్కకే తగిలించండి. బోరింగు పంపుకో, నీళ్ళ పైపుకో తగిలించవద్దు.

ఎవరికైనా షాకు కొడితే మనం వారిని పట్టుకోకూడదు. ముందు మెయిను స్విచ్చి ఆపాలి. వీలు కాకపోతే ఎండిన కర్రతో తప్పించాలి. 108కి ఫోను చేయాలి. మనిషి పలకకుండా, ఊపిరి తీయకుండా ఉంటే రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

మూడోది పొగ

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ పొగను పరిశీలించింది. వెల్డింగు పొగ వల్ల మనుషులకు క్యాన్సరు రాగలదని తేల్చింది. కాబట్టి గదిలో తలుపులు మూసి చేయవద్దు. పెరట్లో, గాలి ఆడే చోట చేయండి. పొగ ముఖానికి కొట్టకుండా గాలికి పక్కగా కూర్చోండి. తల పొగ మీదికి వంచవద్దు.

జీఐ పైపుల మీద జింకు పూత ఉంటుంది. తెల్లగా మెరుస్తుంది. దాన్ని కాలిస్తే తెల్లని పొగ వస్తుంది. ఆ పొగ పీలిస్తే ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. రంగు వేసిన ఇనుము పొగ కూడా చెడ్డదే. నేర్చుకునేటప్పుడు జీఐ జోలికి పోవద్దు. రంగు ఉంటే గీకి తీసేయండి. కడుపుతో ఉన్న అక్కచెల్లెళ్ళు డాక్టరును అడగకుండా ఈ పని చేయవద్దు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్న వారు కూడా అంతే.

నాలుగోది నిప్పు

నిప్పు రవ్వలు చాలా దూరం ఎగురుతాయి. దగ్గరలో వరిగడ్డి, తాటాకు కప్పు, పిడకలు, డీజిలు, గ్యాసు బండ ఉండకూడదు. పక్కన ఒక బకెట్టు ఇసుక పెట్టుకోండి. కరెంటు మంటల మీద నీళ్ళు పోయకూడదు. పని అయ్యాక అరగంట అక్కడే ఉండి చూడండి. రవ్వ నిద్రపోయి లేస్తుంది.

పెట్రోలు, డీజిలు, రంగు పోసిన డ్రమ్మును ఎప్పుడూ వెల్డింగు చేయవద్దు. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది. బాంబులా పేలుతుంది.

ఒళ్ళు కాలితే వెంటనే కుళాయి కింద పెట్టండి. 20 నిమిషాలు చల్లని నీళ్ళు పారనివ్వండి. పేస్టు, సిరా, పేడ రాయవద్దు.

ఏం కట్టుకోవాలి?

నైలాను, పాలిస్టరు చీరలు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలు బట్టలే కట్టుకోవాలి. పొలం పనికి పోయేటప్పుడు చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుంటాం గదా. ఇక్కడా అదే మంచిది. పొడుగు చేతుల మందపాటి నూలు చొక్కా వేసుకుని మెడ దాకా బొత్తాలు పెట్టుకోండి. కొంగును లోపలికి దోపుకోండి. ఇంకా మంచిది ప్యాంటు. ఇంట్లో ఒప్పుకుంటే మొహమాటం వద్దు.

జుట్టు ముడి వేసుకుని నూలు గుడ్డ చుట్టండి. లోహపు గాజులు, ఉంగరాలు తీసి పెట్టండి. మెడలో గొలుసు, పసుపుతాడు చొక్కా లోపల ఉండాలి. చేతులకు తోలు తొడుగులు, కాళ్ళకు మూసిన బూట్లు ఉండాలి. చెప్పులతో చేస్తే రవ్వ వేళ్ళ సందులో పడుతుంది.

మిషను మీద రాసింది చదవండి

అక్షరాలు నేర్చుకున్నాం. అవి ఇక్కడ పనికొస్తాయి. మిషనుకు ఒక పక్క రేకు ముక్క అంటించి ఉంటుంది. దాని మీద అంకెలు ఉంటాయి. ఎన్ని వోల్టుల కరెంటు కావాలో, ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో రాసి ఉంటుంది.

వోల్టు, ఆంపియరు అంటే ఏమిటి? చెరువు కట్ట ఎంత ఎత్తు ఉంటే నీళ్ళు అంత బలంగా తోసుకొస్తాయి. ఆ తోపు వోల్టు లాంటిది. కాలువలో ఎంత నీరు పారుతోందో అది ఆంపియరు లాంటిది. వెల్డింగుకు తోపు తక్కువ చాలు, పారుదల ఎక్కువ కావాలి. మిషను చేసే పని అదే.

ఒక శాతం అంకె కూడా ఉంటుంది. 60 శాతం అని ఉందనుకోండి. ఆ అంకె పక్కన రాసిన ఆంపియర్ల దగ్గర 10 నిమిషాల్లో 6 నిమిషాలు మండించి, 4 నిమిషాలు మిషనుకు విశ్రాంతి ఇవ్వాలని అర్థం.

రాడ్ల డబ్బా మీద కూడా చదవండి. రాడ్డు సైజు ఉంటుంది. ఎన్ని ఆంపియర్లు పెట్టాలో ఉంటుంది. మామూలుగా 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు 60 నుంచి 90 ఆంపియర్లు పెడతారు. 3.15 మిల్లీమీటర్ల రాడ్డుకు 90 నుంచి 130 పెడతారు. డబ్బా మీద వేరే అంకె ఉంటే ఆ అంకెనే పాటించండి. 6013 రకం రాడ్డు కొత్తవారికి సులువు. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి.

చేయి తిప్పడం నేర్చుకుందాం

మొదటి రోజుల్లో ఒంటరిగా చేయవద్దు. పని తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఆ తర్వాత కూడా ఇంట్లో ఒకరు చూస్తూ ఉండాలి. మెయిను స్విచ్చి ఎక్కడుందో వారికి తెలియాలి.

మొదటి మెట్టు: కరెంటు లేకుండా

మిషను ఆపేసి ఉంచండి. 5 లేక 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీ తీసుకోండి. తుప్పు, నూనె పోయేదాకా వైరు బ్రష్షుతో రుద్దండి. దాని మీద సుద్దతో గీత గీయండి. హోల్డరులో రాడ్డు పెట్టి ఆ గీత వెంట పోనివ్వండి. పలక మీద అక్షరం దిద్దినట్లు దిద్దండి. కూర్చుని, మోచేతికి ఆసరా పెట్టుకుంటే చేయి వణకదు.

రెండో మెట్టు: ఆర్కు పుట్టించడం

ఇప్పుడు ముసుగు వేసుకుని మిషను పెట్టండి. అగ్గిపుల్ల గీసినట్లు రాడ్డు కొనను ఇనుము మీద గీయండి. మెరుపు రాగానే కొద్దిగా ఎత్తండి. ఎంత ఎత్తు? రాడ్డు తీగ ఎంత మందమో అంత. అంతకన్నా ఎక్కువ వద్దు.

రాడ్డు అంటుకుపోతుంది. అందరికీ అంటుకుంటుంది. భయపడవద్దు. ముసుగు తీయకుండా చేయి అటూ ఇటూ తిప్పి లాగండి. రాకపోతే హోల్డరు నొక్కి రాడ్డును వదిలేయండి. లేదా మిషను ఆపండి.

మూడో మెట్టు: గీత వేయడం

ఇక్కడే ముగ్గు గుర్తు చేసుకోండి. చిటికెలో పిండి ఎక్కువైతే గీత లావు అవుతుంది. చేయి పైకి లేస్తే పిండి చెదురుతుంది. చేయి పరుగెత్తితే గీత సన్నబడుతుంది. ఇక్కడా అంతే. ఆంపియర్లు, ఎత్తు, వేగం మూడూ కుదరాలి.

ఒక తేడా ఉంది. రాడ్డు అగరుబత్తిలా తరిగిపోతూ ఉంటుంది. కాబట్టి చేయి ముందుకు పోతూనే కిందికి కూడా దిగుతూ ఉండాలి. ఎడమ నుంచి కుడికి పోతున్నాం అనుకోండి. రాడ్డు పై చివర కుడి వైపుకు కొద్దిగా వాలి ఉండాలి.

మెరుపును చూడవద్దు. ముసుగు అద్దంలో నుంచి మెరుపు వెనక ఉన్న కరిగిన మడుగును చూడండి. దాని వెడల్పు ఒకేలా ఉండేటట్లు నడవండి. చెవి కూడా పెట్టండి. అంతా సరిగా ఉంటే నూనెలో గారెలు వేగుతున్నట్లు ఒకే తీరుగా చిటపట వినిపిస్తుంది. చేయి ఎత్తు పెరిగితే ఆ చప్పుడు మారుతుంది.

గీత అయ్యాక వెంటనే ముట్టుకోవద్దు. ఎర్రదనం పోయినా ఇనుము చర్మాన్ని కాలుస్తుంది. మామూలు తెల్ల కళ్ళద్దాలు పెట్టుకుని స్లాగు కొట్టండి. పెచ్చు ముక్కలు కంట్లోకి ఎగురుతాయి.

గీత చూసి తప్పు పట్టండి

గీత ఎత్తుగా, తాడులా పైనే ఉందా? కరెంటు చాలలేదు.

అంచుల్లో కోత పడిందా? చిల్లి పడిందా? కరెంటు ఎక్కువైంది.

చుట్టూ ఇనుప గుండ్లు చల్లినట్లు ఉందా? రాడ్డు ఎత్తు ఎక్కువైంది.

గీత సన్నగా, వంకరగా ఉందా? చేయి తొందరపడింది.

గీతలో సూది బెజ్జాలు ఉన్నాయా? రాడ్డు చెమ్మగా ఉంది, లేదా ఇనుము మురికిగా ఉంది.

ఒక గీత పక్కన ఇంకో గీత వేయండి. పట్టీ నిండేదాకా వేయండి. 'అ' ఎన్నిసార్లు దిద్దితే కుదిరింది? గుర్తు చేసుకోండి. ఇదీ అంతే.

నాలుగో మెట్టు: రెండు ముక్కలు అతకడం

బట్ట కుట్టే ముందు కచ్చా కుట్టు వేస్తాం. ఎందుకు? బట్ట జరగకుండా. ఇనుము కూడా వేడికి లాగుతుంది, వంకర పోతుంది. అందుకని ముందు అక్కడక్కడ చిన్న చుక్కలు వేయాలి. దీన్ని ట్యాకింగు అంటారు. తర్వాత మూలమట్టం పెట్టి చూసుకుని పూర్తి గీత వేయాలి.

అతుకు చల్లారాక ఏం చేయాలో తెలుసా? విరగ్గొట్టాలి! ముక్కను గట్టిగా బిగించి సుత్తితో కొట్టండి. విరిగిన చోట లోపల చూడండి. సగం దాకానే కరిగిందా? నల్లని స్లాగు ఇరుక్కుందా? పైకి అందంగా ఉన్న అతుకు లోపల బోలుగా ఉండవచ్చు. అది విరగ్గొడితేనే తెలుస్తుంది. ముక్క వంగి, అతుకు విడిపోకుండా నిలిస్తే మీ చేయి కుదిరినట్లు.

ఏం చేయవచ్చు? ఏం చేయకూడదు?

మొదట పూలకుండీ స్టాండు చేయండి. అది విరిగితే కుండీ ఒక్కటే పోతుంది. తర్వాత చెప్పుల స్టాండు, బిందెల స్టాండు చేయవచ్చు. గేట్ల పైపులు పలచగా ఉంటాయి. కొత్త చేతికి చిల్లులు పడతాయి. అవి తర్వాత.

మేడ మెట్లు, నీళ్ళ ట్యాంకు స్టాండు, ఊయల, బండి ఇరుసు లాంటివి మాత్రం ఒప్పుకోవద్దు. "అక్కా, నీకు వచ్చు గదా, కాస్త అతికిపెట్టు" అని పొరుగువాళ్ళు అడుగుతారు. మొహమాటపడవద్దు. ఆ అతుకు విడిపోతే కింద ఉండేది ఎవరి బిడ్డో! "ఇంకా ఆ పని నాకు రాలేదు" అని చెప్పడం చిన్నతనం కాదు. పనివాళ్ళకు అదే గౌరవం.

బతుకుతెరువుగా చేయాలంటే?

ఇంటి దగ్గర నేర్చింది మొదటి మెట్టు మాత్రమే. ఐటిఐలో వెల్డరు కోర్సు ఉంది. అది ఏడాది కోర్సు. ఎనిమిదో తరగతి చదివిన వారికి అవకాశం ఉంటుంది. మీ అమ్మాయి చదువుతోందా? ఈ మాట ఆమె చెవిన వేయండి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు కూడా ఉన్నాయి. అక్కడ ఉచితంగా పనులు నేర్పుతారు. వెల్డింగు నేర్పుతున్నారేమో మీ సంఘం సమావేశంలో అడగండి. డబ్బు తీసుకుని పని చేసేటట్లయితే కరెంటు ఆఫీసుకు పోయి, మీటరు ఏ రకంగా మార్చుకోవాలో అడిగి తెలుసుకోండి.

లెక్క కూడా రాసుకోండి. రాడ్లు ఎన్ని అయ్యాయి? ఇనుము ఎంత పడింది? మీటరు ఎంత తిరిగింది? ఎన్ని గంటలు పట్టింది? మన గంటలకు కూడా వెల కట్టాలి. అది మరిచిపోతే చేసిన పని ఊరికే పోతుంది.

చివరిగా ఒక మాట. వేడి ఇనుము, చల్లని ఇనుము చూడడానికి ఒకేలా ఉంటాయి. అందుకని పని అయిన ముక్క పక్కన సుద్దతో పెద్దగా ఒక మాట రాయండి: "వేడి". చదువు వచ్చినవారు చదివి ఆగుతారు. చదవలేని పసివాళ్ళను మనమే దూరంగా ఉంచాలి. నిన్నటి దాకా ఆ రెండు అక్షరాలు మనకూ రావు. ఈ రోజు ఆ రెండు అక్షరాలు ఒక చేతిని కాపాడతాయి.

గుర్తు పెట్టుకోండి

1. ముసుగు లేకుండా ఆర్కు చూడవద్దు.
2. తడి చేతులతో, తడి నేల మీద పని చేయవద్దు.
3. ఎర్తు లేని ప్లగ్గు వాడవద్దు.
4. పొగ పీల్చవద్దు. గాలి ఆడే చోట చేయండి.
5. నూనె, పెట్రోలు పోసిన డ్రమ్ములు ముట్టవద్దు.
6. ఒంటరిగా చేయవద్దు.
7. మనుషుల బరువు మోసే పనులు ఇప్పుడే ఒప్పుకోవద్దు.

ఆలోచించండి, చెప్పండి

1. రాడ్డు మీద పూత ఎందుకు ఉంటుంది?
2. అతుకు ఎత్తుగా తాడులా వస్తే ఏం మార్చాలి?
3. వెల్డింగు వెలుగు తగిలిన కంట్లో చనుబాలు ఎందుకు పోయకూడదు?
4. మీ ఇంట్లో మెయిను స్విచ్చి ఎక్కడ ఉంది? ఇంట్లో అందరికీ తెలుసా?
5. మీ ఊళ్ళో "మగవాళ్ళ పని" అని ఏ ఏ పనులను అంటారు? వాటిలో మీరు ఏది నేర్చుకోవాలనుకుంటున్నారు? రెండు వాక్యాలు రాయండి.